నా గది ముందు బెంచీ

మార్కాపురంలో మేము నడిపిన నర్సింగ్ హోమ్‌లో రెండు గదులు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి నాది, ఒకటి నాతో కలిసి ప్రాక్టీసు పెట్టిన డాక్టరుది. మధ్యలో వరండా. ఒక్కో గది ముందు ఒక్కో బెంచీ. పొద్దున మేము వచ్చేసరికే రెండు బెంచీలూ నిండిపోయేవి. కొత్తగా వచ్చిన మందుల కంపెనీవాళ్ళు చూసి "మేడం ప్రాక్టీసు కూడా బాగా సాగుతోందే" అనుకునేవాళ్ళు. నా గది ముందు కూర్చున్నవాళ్ళు కూడా ఆయన పేషెంట్లేనని వాళ్ళకు తెలియదు. అక్కడ చోటు చాలక ఇక్కడ కూర్చునేవారు. నేను తలుపు తీసి "ఎవరు రావాలి?" అంటే, నేను ఎక్కడికో బయటికి పోతున్నాననుకుని అందరూ మర్యాదగా కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవారు.

డాక్టరు చదువు చదువుతున్న పిల్లలూ, మీకు గుండె గురించి, పేగుల గురించి, ఒంట్లో ఉన్న ప్రతి నరం గురించి పాఠాలు చెబుతారు. పక్క గది డాక్టరు మీద పుట్టే కుళ్ళు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. అందులో నాకు మంచి అనుభవం ఉంది. చాలా ఏళ్ళు, ఆదివారాలు కూడా సెలవు పెట్టకుండా ఈర్ష్య పడ్డాను.

ఆయన నాకన్నా జూనియర్. కర్నూలులో చదువుకునే రోజుల్లో మొదటిసారి కుట్టు వెయ్యమంటే, తన గ్లవుజు వేలిని కూడా ముడిలో కలిపి కట్టేసిన మహానుభావుడు. ఆ ముడి విప్పిందీ, సరైన ముడి ఎట్లా వెయ్యాలో కుర్చీ కోడుకు దారం కట్టి వారం పాటు నేర్పిందీ నేనే. ఇద్దరం జనరల్ సర్జన్లమే. కానీ మా వైపు డాక్టరమ్మ అంటే కాన్పుల డాక్టరమ్మ అనే లెక్క. గిద్దలూరులో నా చిన్నప్పటి నుంచి నన్ను ఎరిగినవాళ్ళు కూడా కూతుళ్ళను కాన్పుకు తీసుకొచ్చి, తమ కడుపునొప్పికి మాత్రం ఎదురు గదిలోకి వెళ్ళేవారు. ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి (అపెండిక్స్‌ను మా వైపు అట్లాగే అంటారు) వచ్చి మెలికలు తిరుగుతున్న మగవాడు కూడా నన్ను చూడగానే కొంచెం నిటారుగా నిలబడి "ఏం లేదులే మేడం, సారు యాడుండాడు?" అనేవాడు.

దానికి తోడు ఆయనకు హస్తవాసి ఉందని పేరు. "ఆయప్ప చెయ్యి తగిల్తే సాలు" అని పుల్లలచెరువు దాకా చెప్పుకునేవారు. కొందరు మా మందుల దుకాణంలో కొన్న మాత్రలను తీసుకుపోయి, ఒకసారి ఆయన చేతికిచ్చి మళ్ళీ తీసుకునేవారు. హస్తవాసికి పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు, డిగ్రీ అంతకన్నా లేదు. నేను చేసిన ఆపరేషన్ బాగైతే దేవుడి దయ, ఆయన చేసింది బాగైతే ఆయన చెయ్యి. ఈ లెక్క నాకు ఏనాడూ మింగుడు పడలేదు.

రాష్ట్రం విడిపోయిన కొత్త. దొనకొండకు రాజధాని వస్తుందని మా బెంచీల మీద కూర్చున్నవాళ్ళు రోజూ తీర్మానం చేస్తున్న కాలం. అప్పుడే ఆయన ఆఫ్రికా ప్రయాణాలు మొదలుపెట్టాడు. కొందరు డాక్టర్లు కలిసి ఏటా మూడు వారాలు టాంజానియా పోయి, డాక్టరే దొరకని చోట ఉచితంగా హెర్నియా ఆపరేషన్లు చేసి వచ్చేవారు. హెర్నియా అంటే గజ్జల్లోకి పేగు జారడం. మా ఇద్దరికీ కళ్ళు మూసుకుని చెయ్యగలిగినంత అలవాటైన పని. మొదటిసారి ఆ పిలుపు వచ్చినప్పుడు నాకూ వెళ్ళాలని ఉండింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో ఆయన "ఇద్దరిలో ఒకరు ఇక్కడ ఉండాలి గదక్కా. నువ్వుంటే నాకు ధైర్యం" అన్నాడు. అంతే, నేను ధైర్యంగా మార్కాపురంలో ఉండిపోయాను. రెండో ఏడు "ఈసారి నేను పోయొస్తే ఎట్లుంటుంది?" అని నవ్వుతూ అడిగాను. "నీకెందుకక్కా ఆ దోమల్లో" అని ఆయన కూడా నవ్వుతూ వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చాక ఊళ్ళో సన్మానం. మా చౌరస్తాలో ఆయన ఫ్లెక్సీ, పక్కన ఆఫ్రికా పిల్లలు, కింద మా ఊళ్ళో రాతి పలకలు చేయించి అమ్మే వ్యాపారుల ఫొటోలు. కొత్త రాష్ట్రానికి పేరు తెచ్చిన బిడ్డ అని ఉపన్యాసాలు. శాలువా కప్పడానికి నన్ను వేదిక మీదికి పిలుస్తూ మైకులో "ప్రముఖ కాన్పుల వైద్యురాలు" అన్నారు. శాలువా కప్పాను. కొంచెం గట్టిగానే కప్పాను. అక్కడి నుంచి ఆయన తెచ్చిన చెక్క జిరాఫీని రిసెప్షన్ బల్ల మీద పెట్టారు. పొద్దున్నే లోపలికి రాగానే మెడ చాచి అది నన్నే చూసేది.

ఆయన అక్కడ ఉన్న మూడు వారాలూ ఇక్కడ నాకు పని పెరగాలి కదా? తగ్గేది. వచ్చినవాళ్ళు ఆయన గదికి తాళం చూసి, బెంచీ మీద కాసేపు కూర్చుని, దొనకొండ సంగతి మాట్లాడుకుని లేచిపోయేవారు. "నేను చూస్తాను రండి" అంటే "వద్దులే మేడం, సారు వచ్చినాక వస్తాం" అనేవారు. ఊరంతా కలిసి జబ్బులను వాయిదా వేసుకునేది. ఇంకోవైపు నా ఫోన్లో ఫొటోలు వచ్చిపడేవి. బడి లాంటి ఒక కట్టడం ముందు వందమంది నిలబడి ఉన్నారు, మధ్యలో ఆయన నవ్వుతున్నాడు. ఇక్కడా ఆయనకే జనం, అక్కడా ఆయనకే జనం. నేను ఒక దండం బొమ్మ పంపి ఫోను పక్కన పడేసేదాన్ని.

మూడో ఏడు ప్రయాణానికి ముందురోజు, పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. ముప్పై దాటని మనిషి, దిట్టంగా ఉన్నాడు. గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతోంది, నిలబడితే వస్తోంది. వెంట తల్లి. ఆయన చూసి "నేను వచ్చినాక చేస్తా. అందాక బరువులెత్తబాక. గుడ్డతో గట్టిగా కట్టుకో" అన్నాడు. వరండా ఇవతల నుంచి విన్నాను. బయటికి వచ్చి "మూడు వారాలు ఎందుకు? రేపు నేను చేసేస్తాను" అన్నాను. కాపరి తలవంచుకుని తుండుగుడ్డ సరిచేసుకున్నాడు. తల్లే జవాబు చెప్పింది.

"ఇన్నాళ్ళు ఉన్నింది గదమ్మా, ఇంకొన్నాళ్ళు ఉంటాది. మావోడు సిగ్గుపడతాడు. అయినా ఆయప్ప చెయ్యి వేరు."

నా ముందే అంది. అందులో ఆమెకు నన్ను చిన్నబుచ్చాలని లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు చెప్పింది. అందుకే ఇంకా మండింది.

ఆయన వెళ్ళిన రెండో వారంలో, మధ్యాహ్నం నేను అన్నం డబ్బా మూత తీస్తుండగా వాకిట్లో ఆటో ఆగింది. కాపరిని ఇద్దరు మోసుకొచ్చారు. మనిషి రెండుగా వంగిపోయి ఉన్నాడు. దారి పొడవునా వాంతులు. టేబుల్ మీద పడుకోబెట్టి నడుము దగ్గర కట్టు విప్పాం. మా సిస్టర్, దర్శి మనిషి, ఇరవై ఏళ్ళ సర్వీసులో దేనికీ ఆశ్చర్యపోనిది, ఆ రోజు నోటిమీద చెయ్యి వేసుకుంది. గుడ్డ మడతల మధ్యలో అరచేయంత పలక ముక్క ఉంది. అంచులు అరగదీసి, దాన్ని ఉబ్బు మీద పెట్టి, మొలతాడుకు బిగించి కట్టుకున్నాడు.

"సారు గట్టిగా కట్టుకోమన్నాడు గదా" అంది తల్లి. "ఉత్త గుడ్డ నిలవలా. అడివిలో మంద ఎనకాల ఉరుకుతుంటే జారిపోతాంది. పలకల ఫ్యాక్టరీ కాడ పారేసిన ముక్క తెచ్చి మావోడే అరగదీసుకున్నాడు. నాలుగు దినాలు బాగనే ఉన్నింది."

మా ఊరి రాయి, మా ఊరి తెలివి. పేగు బయట ఉండగానే పైన రాయి బిగించాడు. అది లోపలికి పోలేక, బయటికి రాలేక జారిన సందు దగ్గర నొక్కుకుపోయింది. చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే కేక పెడుతున్నాడు. ఇట్లాంటప్పుడు పేగుకు రక్తం అందదు. త్వరగా విడిపించకపోతే కుళ్ళిపోతుంది, ఆ తర్వాత మనిషి దక్కడు.

"ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి" అన్నాను.

"ఆయప్ప ఎప్పుడొస్తాడు?"

"ఇంకా వారం పైన పడుతుంది. అంత టైము లేదమ్మా. సాయంత్రం దాకా కూడా లేదు."

"అట్లయితే ఒంగోలు పోతాం."

"దారిలోనే పోతాడు."

ఆమె కొడుకు వైపు చూసింది. అంత బాధలోనూ వాడు తుండుగుడ్డ నడుము మీదికి లాక్కుంటూ "మేడం చేత వద్దుమా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ సిగ్గు సంగతి రేపు మాట్లాడుకుందాం లేరా. ముందు రేపటికి నువ్వు ఉండాల గదా!"

అప్పుడు సిస్టర్ నన్ను పక్కకు పిలిచి "మేడం, సారుకు ఫోన్ కొడదామా?" అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా టేబుల్, నా కత్తి, నా ఎదురుగా పేషెంటు, అనుమతి మాత్రం సముద్రం అవతల నుంచి రావాలి. లోపల కుళ్ళుతున్నది వాడి పేగు ఒక్కటే కాదని అప్పుడే నాకు తెలుసు. కానీ వాడి పెదాలు ఎండిపోతున్నాయి. "కొట్టు" అన్నాను.

అదృష్టం, ఎత్తాడు. "ఏందక్కా?" అన్నాడు హుషారుగా. చెప్పాను. పలక ముక్క సంగతి కూడా చెప్పాను.  "గట్టిగా కట్టుకోమని నేనే గదక్కా చెప్పింది" అన్నాడు మెల్లగా. "ఆ యమ్మకు ఇయ్యి."

స్పీకర్ పెట్టాను.

"పెద్దమ్మా, నాకు ముడెయ్యడం నేర్పింది ఆ అక్కే. నా చెయ్యి, నా చెయ్యి అంటారే, ఆ చెయ్యి ఆమె ఇచ్చిందే. ఇంక ఆలస్యం చెయ్యబాక."

ఎంత మంచి మాట! అంత మంచి మాట కూడా ఆయన నోటినుంచే రావాల్సి వచ్చింది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు చెప్పినావు గాబట్టి ఒప్పుకుంటాండ నాయనా. అయితే ఫోను పెట్టేయబాక. దీన్ని లోపలికి తీసకపొమ్మంటా. నువ్వు వింటా ఉండు."

అట్లా ఆ ఫోను మా ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చింది. సిస్టర్ దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. మత్తు డాక్టరు దానికి నమస్కారం పెట్టి పని మొదలుపెట్టాడు. "అక్కా, నేనున్నా" అని ఒకసారి వినిపించింది. తర్వాత గరగర. తర్వాత ఏమీ లేదు. నేను కత్తి పట్టుకోకముందే లైను తెగిపోయింది. సిస్టర్ నా మొహం చూసింది. "అట్లనే ఉండనీ" అన్నాను.

తెరిచి, నొక్కుకున్న చోటు విడిపించాను. పేగు బయటికి వచ్చింది, నేరేడుపండు రంగులో. బతికి ఉందో చచ్చిపోయిందో చూసి చెప్పలేని రంగు అది. చచ్చిపోతే ఆ ముక్క కోసి తీసేసి మళ్ళీ కలపాలి. అప్పటికే నీరసించిన ఒళ్ళు అంత పని తట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. వేడి ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ దానిమీద కప్పి, చేతులు అట్లాగే పెట్టి నిలబడ్డాం. చేయడానికి ఇంక ఏమీ లేదు, కాచుకోవడం తప్ప. నా కోసం ఎవరూ కాచుకోని మనిషిని, ఆ పేగు కోసం కాచుకున్నాను. గుడ్డ తీసి చూడటం, మళ్ళీ తడిపి కప్పడం.  ఎదురు గది డాక్టరు నాకు గుర్తు రాలేదు. అంత తీరిక లేదు.

మూడోసారి గుడ్డ తీసినప్పుడు ఒక అంచున ఎరుపు కనిపించింది. చూస్తుండగానే అది పాకింది. కాసేపటికి పేగు తనంతట తాను ఒకసారి మెలిక తిరిగింది. "కదిలింది మేడం!" అని సిస్టర్ అరిచింది. నాకు కళ్ళజోడు మసకబారింది. తుడవమని చెప్పి, పేగు లోపలికి పెట్టి, కుట్టేశాను. ముడులు నావే, ఒక్కోటీ లాగి చూసుకున్నాను.

బయటికి వచ్చి "బతికాడమ్మా" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. అంతవరకు బాగుంది. తర్వాత "ఫోను యాది? ఆయప్పతో ఒక్క మాట చెప్పాల" అంది.

"ఫోను మొదట్లోనే తెగిపోయింది. ఆయన ఏమీ వినలేదు. చేసింది నేను."

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"చేసింది నువ్వే తల్లీ, కాదంటానా? చేయించింది ఆయప్ప."

ఆ సాయంత్రం నేను పలక ముక్కను శుభ్రంగా కడిగి, రిసెప్షన్ బల్ల మీద జిరాఫీ పక్కన నిలబెట్టాను. ఆయన తిరిగి వచ్చిన రోజు దాన్ని చేతిలోకి తీసుకుని "ఇదేందక్కా?" అన్నాడు. "అది నీ టాంజానియా బొమ్మ, ఇది నా పుల్లలచెరువు బొమ్మ" అన్నాను. అర్థమైంది. అరగదీసిన అంచుల మీద వేలు రాస్తూ చాలాసేపు నిలబడ్డాడు. పోయేముందు "వచ్చే ఏడు నువ్వు పోక్కా. నేను ఉంటాను" అన్నాడు. వద్దు, నువ్వే పో అంటానేమోనని చూశాడు. నేను అనలేదు.

వెళ్ళాను. విమానం, ఇంకో చిన్న విమానం, ఆపైన ఎర్రమట్టి దారి. దారి పక్కన మేకల మందలు, ఎండిన తుమ్మలు. మార్కాపురం నుంచి పుల్లలచెరువు పోవడానికి ఇంత ఖర్చు పెట్టానేమిటి అనుకున్నాను. ఫొటోల్లో చూసిన ఆ బడి లాంటి కట్టడం అక్కడే ఉంది. నాకిచ్చిన గది ముందు బెంచీ ఉంది. దానిమీద గజ్జల్లో ఉబ్బుతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మా మాటలు అటూ ఇటూ చెప్పే దుబాసీ పిల్ల ఆయనతో మాట్లాడి, నా వైపు తిరిగి ఇబ్బందిగా నవ్వింది. పోయిన ఏడు వచ్చిన ఇండియా డాక్టరు రాలేదా అని అడుగుతున్నాడట. ఆయన చెయ్యి మంచిదని విన్నాడట. ఆయన వచ్చేదాకా కూర్చుంటానంటున్నాడట.

సముద్రం దాటి వచ్చినా అదే బెంచీ! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు రోజులు చూశాను. రోజూ వచ్చి కూర్చుంటాడు, రోజూ ఉబ్బు పట్టుకుని లేచిపోతాడు. ఉబ్బు రోజురోజుకూ బిగుస్తోంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే నేనే ఫోను తీశాను.

"నీ పేషెంటు ఇక్కడ కూర్చున్నాడు. లేవనంటున్నాడు. వాళ్ళ భాషలో నీకు వచ్చిన ఆ నాలుగు ముక్కలూ మాట్లాడు" అన్నాను.

మాట్లాడాడు. ఏం చెప్పాడో తెలియదు గానీ ముసలాయన పళ్ళన్నీ కనపడేట్టు నవ్వి, లేచి, దుబాసీ పిల్లతో పాటు థియేటర్ వైపు నడిచాడు. సరే, ఇంక ఉంటాను అన్నాను.

"ఉండక్కా, పెట్టేయబాక" అన్నాడు. గొంతు ఎందుకో దిగి ఉంది. "ఆ కాపరి వాళ్ళమ్మ వచ్చింది. అరచేతిలో కంపముల్లు ఇరిగి చీము పట్టింది. చెయ్యంతా వాచిపోయింది. కోసి తియ్యాలంటే నన్ను ముట్టనీదు. రెండు దినాలుగా నీ బెంచీ మీదనే కూర్చోని ఉండాది. నువ్వు వచ్చినాకే చూపిచ్చుకుంటాదంట."

ఒక్క నిమిషం నేను మాట్లాడలేదు. ఆ నిమిషాన్ని ఎవరికీ ఇవ్వను. తర్వాత ఫోను ఆమెకు ఇమ్మన్నాను.

"పెద్దమ్మా, ఆ సారుకు ముడెయ్యడం నేర్పింది నేనే. పని బాగనే వచ్చు. చెయ్యి చూపించు."

"నువ్వు చెప్పినావు గాబట్టి" అంది ఆమె. "అయితే పెట్టేయబాక తల్లీ."

పెట్టలేదు. ముసలాయనకు మత్తు ఎక్కేదాకా గోడకు ఆనుకుని వింటూ నిలబడ్డాను. అవతల ట్రేలో కత్తి చప్పుడు, సిస్టర్ గొణుగుడు. ఆయన పొడిపొడిగా "ఇంత కాలం ఈ ఊళ్ళో నేను..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. చిన్నబోయిన ఆ గొంతు నాకు బాగా తెలుసు, చాలా ఏళ్ళు అది నాదే. ఒక మంచి మాట చెప్పి ఓదార్చి ఉండవచ్చు. అట్లాంటిదేమీ చెప్పలేదు.

"నిదానంగా కొయ్యి. తొందరపడబాక. నేనున్నా" అన్నాను.

ఆ రోజు లైను చివరిదాకా తెగలేదు.